ఆర్డర్లు పెరుగుతున్నా చేతిలో డబ్బు ఎందుకు ఆడటం లేదు? ఒక చీరల ఆన్‌లైన్ దుకాణం లెక్క

మీరు ఇచ్చిన అంకెలు ముందు ఒకచోట పెడతాను, చదివేవాళ్లకి తేలికగా ఉంటుంది. విజయవాడలో ఇంటి నుంచే మంగళగిరి కాటన్ చీరలు అమ్ముతున్నారు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, సొంత వెబ్‌సైట్, ఈమధ్య ఒక మార్కెట్‌ప్లేస్ కూడా. సగటున 1,100కి కొని, ఫ్రీ షిప్పింగ్‌తో 1,600కి ఇస్తున్నారు. నెలకు 80 ఆర్డర్లు, అందులో సగం క్యాష్ ఆన్ డెలివరీ (సీవోడీ), ఆ సగంలో పది దాకా తిరిగొస్తున్నాయి. ఇంట్లో 4 లక్షల 20 వేల సరుకు ఉంది, బ్యాంకులో 18 వేలు ఉన్నాయి. శ్రావణానికి సరుకు ఎత్తడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తేవాలా అని అడిగారు, లేదంటే చీటీ పాడి తీసుకుంటానన్నారు.

ఇప్పుడు తేవద్దు. మీకు ఇబ్బంది వస్తున్నది డబ్బు తక్కువై కాదు, ఉన్న డబ్బు సరుకు రూపంలో ఇరుక్కుపోయి. కొత్తగా 3 లక్షలు తెచ్చినా అవీ ఆ అల్మరాలోకే వెళ్తాయి.

ముందు లాభం సంగతి. చీరకి 500 మిగులుతోందని రాశారు. 80 చీరలంటే 40 వేలు రావాలి, కానీ కనిపించడం లేదు, అదే మీ టెన్షన్. ఒక్క చీర తీసుకుని చూద్దాం. 1,600లో 5 శాతం జీఎస్టీ కలిసే ఉంది, అంటే 76 రూపాయలు. మీరు బిల్లుతో కొంటే, కొన్నప్పుడు కట్టిన పన్ను 52 అందులో క్రెడిట్‌గా తగ్గుతుంది, చేతినుంచి కట్టేది 24. బిల్లు లేకుండా కొంటే 76 మొత్తం మీదే. మీరు బిల్లుతోనే కొంటున్నారనుకుందాం. కొరియర్ 90, కవరు, టేపు, థాంక్యూ కార్డు కలిపి 25, యాడ్స్ ఖర్చుని ఆర్డర్ల మీద పంచితే 120 అనుకుందాం. ఇవి నా అంచనాలు, మీ బిల్లులు చూసి సరిచేసుకోండి. ముందే డబ్బు కట్టిన (ప్రీపెయిడ్) ఆర్డరు మీద 241 మిగులుతుంది. సీవోడీ అయితే ఇంకో 40 ఛార్జీ పోయి 201. తిరిగొచ్చిన పార్సిల్ మీద వెళ్లేటప్పుడు 90, వచ్చేటప్పుడు 80, ప్యాకింగ్ 25, యాడ్ 120, మొత్తం 315 నష్టం.

ఇప్పుడు నెల మొత్తం వేయండి. ప్రీపెయిడ్ 40 మీద 9,640. సీవోడీలో అందిన 30 మీద 6,030, తిరిగొచ్చిన 10 మీద 3,150 పోయింది, అంటే నికరంగా 2,880. అంతా కలిపి 12,520. మార్కెట్‌ప్లేస్ కమిషన్ ఇందులో వేయనే లేదు. మీరు 40 వేలు వస్తున్నాయనుకుని ఇంటి ఖర్చులకి అదే ఖాతా నుంచి తీస్తుంటే, మీరు తినేది లాభం కాదు, పెట్టుబడి. ఇది చదివి కంగారు పడొద్దు. ఇంటి నుంచి నడిపే చాలా దుకాణాల లెక్క ఇంతే ఉంటుంది, వేసి చూసుకునేవాళ్లు తక్కువ.

తర్వాతది సరుకు. నెలకు నిజంగా అమ్ముడయ్యేవి 70 చీరలు, కొన్న ధరలో 77 వేలు. ఇంట్లో 4.2 లక్షలు ఉంది. అంటే ఐదున్నర నెలల సరుకు. అయినా కస్టమర్ అడిగిన రంగు లేదని రోజూ చెప్పాల్సి వస్తోందని మీరే రాశారు. రెండూ నిజమే. ఆడే రకాలు అయిపోయాయి, ఆడనివి మిగిలాయి. మొత్తం విలువ చూసుకుంటే ఇది తెలియదు, వయసు చూడాలి.

ఒక సగటు చీర ప్రయాణం చూడండి. జూన్ 1న నేతన్నకి డబ్బు ఇచ్చారు. ఫోటోలు తీసి, కొలతలు రాసి 6న పెట్టారు. 25న బెంగళూరు నుంచి సీవోడీ ఆర్డరు వచ్చింది. 26న కొరియర్ తీసుకెళ్లాడు, అప్పుడే కొరియర్ యాప్‌లోని మీ వాలెట్‌లోంచి షిప్పింగ్ డబ్బు పోయింది. 30న చీర అందింది. సీవోడీ డబ్బు కొరియర్ వాళ్ల దగ్గర వారం పైన ఉండి, జూలై 8కో 9కో మీ ఖాతాలో పడింది. 1,100 బయటికి వెళ్లి తిరిగి రావడానికి దాదాపు 40 రోజులు. అదే ప్రీపెయిడ్ అయితే పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సర్వీసు) రెండు మూడు రోజుల్లో వేసేస్తుంది కాబట్టి నెలలోపే వచ్చేది. తిరిగొచ్చిన పార్సిల్ అయితే జూలై మధ్యలో ఇల్లు చేరుతుంది, మడత నలిగి ఉంటుంది, మళ్లీ మొదటి నుంచి. సరుకు కొనేటప్పుడు ఎంత మార్జిన్ అని మాత్రమే కాదు, డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందని అడగండి. 300 మిగిలే చీర నెలకోసారి తిరిగితే, 700 మిగిలి ఆరు నెలలు కూర్చునే చీర కంటే చాలా మేలు.

కాబట్టి ఈ వారం చేయాల్సిన పని ఒకటే. అల్మరాలోంచి చీరలన్నీ కిందికి దించండి. ప్రతి కవరు మీద స్టిక్కరు వేసి కొన్న నెల, కొన్న ధర రాయండి. ధర కస్టమర్‌కి కనపడకూడదనుకుంటే పాతకాలం బట్టల కొట్లలో లాగా అంకెలకి బదులు అక్షరాల కోడ్ పెట్టుకోండి. మూడు కుప్పలు వేయండి: రెండు నెలల లోపువి, రెండు నుంచి నాలుగు నెలలవి, నాలుగు నెలలు దాటినవి. మూడో కుప్ప మీరనుకున్న దాని కంటే పెద్దదిగా ఉంటుంది. లక్షా నలభై వేల దాకా ఉంటుందని నా ఊహ, అంటే ఓ 127 చీరలు.

ఆ కుప్పకి ఆషాఢం ఉంది కదా. మన జనానికి ఆషాఢం అంటేనే తగ్గింపు, ఆ నెలలో ధర తగ్గిస్తే మీ బ్రాండ్ పడిపోయిందని ఎవరూ అనుకోరు. రెండు చీరలు 2,200, ప్రీపెయిడ్ మాత్రమే, వాట్సాప్‌లో పాత కస్టమర్లకి మాత్రమే. యాడ్ ఖర్చు లేదు. కొన్న ధరకే అమ్ముతున్నారు కాబట్టి చేతినుంచి కట్టే జీఎస్టీ దాదాపు ఉండదు. కేజీ స్లాబ్‌లో (బరువుని బట్టి ఉండే రేటు మెట్టు) కొరియర్ 130, ప్యాకింగ్ 30 పోతే జతకి 2,040 చేతికొస్తుంది. జతకి 160, చీరకి 80 నష్టం.

ఇక్కడే అందరికీ మనసొప్పదు. కానీ మీరు తేవాలనుకుంటున్న వడ్డీ రేటుకే లెక్క వేయండి. 1,100 చీర అల్మరాలో ఉన్నందుకు నెలకి 22 రూపాయలు ఖర్చవుతోంది. నాలుగు నెలలు ఉంచుకుంటే ఆ 80 ఎలాగూ దాటుతుంది, ఆ తర్వాతైనా పూర్తి ధరకి పోతుందన్న నమ్మకం లేదు. మడతల దగ్గర రంగు వెలిసినా, కాటన్‌కి పసుపు చార పడినా అప్పుడు సగం ధర కూడా రాదు. సగం కుప్ప కదిలినా 65 వేలు మీ చేతికి వస్తుంది, వడ్డీ లేకుండా. శ్రావణం సరుకుకి మొదటి విడత పెట్టుబడి అదే.

ఇక కొనడం ఎలా. మీ సరుకుని రెండు జాతులుగా విడదీయండి. ఒకటి ఎప్పుడూ ఆడే రకాలు: ప్లెయిన్ బాడీ, నిజాం బోర్డరు, ఆవపిండి రంగు, ఇటుక రంగు, నలుపు లాంటివి. రెండోది సింగిల్స్, అంటే ఒక్కో రకం ఒక్కటే ఉండే చీరలు, మళ్లీ రావు. సింగిల్స్‌ని ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ దాటనివ్వకండి. వెబ్‌సైట్లో, మార్కెట్‌ప్లేస్‌లో మళ్లీ మళ్లీ తెప్పించగల రకాలే పెట్టండి. ఒకే చీర నాలుగు చోట్ల పెడితే ఏదో ఒక రాత్రి ఇద్దరు కొంటారు. వాట్సాప్‌లో అయితే సారీ అక్కా అని సర్దిచెప్పొచ్చు, మార్కెట్‌ప్లేస్‌లో మీరు క్యాన్సిల్ చేస్తే మీ రేటింగ్ మీద పడుతుంది. స్టాక్ కలిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ మీ సైజుకి ఈ గీత గీసుకుంటే సమస్య చాలావరకు పోతుంది.

ఎప్పుడూ ఆడే రకాలకి ఒక అంకె పెట్టుకోండి. ఆవపిండి రంగు వారానికి మూడు పోతోంది, ఆర్డరిచ్చాక మగ్గం నుంచి రావడానికి మూడు వారాలు పడుతుంది అనుకుందాం. ఆ మూడు వారాల్లో తొమ్మిది పోతాయి. ఆలస్యానికి ఓ నాలుగు కలుపుకుంటే 13. అల్మరాలో 13 మిగలగానే మళ్లీ చెప్పేయాలి, రెండు మిగిలాక కాదు. అలాగే 25 దాటి ఎప్పుడూ ఉంచుకోకూడదు. ప్రతి రకానికీ ఇలా ఒక కింది గీత, ఒక పై గీత. సింగిల్స్‌కి గీతలుండవు, నెలకి ఇంత అని బడ్జెట్ మాత్రమే. నా లెక్కలో మొత్తం కొనుగోలులో మూడో వంతు దాటకూడదు. అవి కంటికి అందంగా ఉంటాయి, పోస్ట్ పెడితే లైకులు వస్తాయి, పెట్టుబడి మింగేవి కూడా అవే.

ఒక జాగ్రత్త. ఆ మూడు వారాలు ఏడాది పొడుగునా మూడు వారాలే ఉండవు. మంగళగిరిలో ఎక్కువగా గుంట మగ్గాలు, అంటే నేతన్న నేలలోని గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేవి. వానాకాలంలో గుంటలో చెమ్మ ఊరుతుంది, బయట పడుగు (చీర నిలువు దారాలు) చాచి గంజి పట్టించాలంటే ఎండ కావాలి. సరిగ్గా శ్రావణానికి మీకు సరుకు కావాల్సినప్పుడే నేత నెమ్మదిస్తుంది. అందుకే ఆడే రకాల ఆర్డరు జూన్ మొదట్లోనే ఇవ్వాలి. ఇంకో సంగతి, ఒక పడుగు వేస్తే దాని మీద చాలా చీరలు వస్తాయి. ఈ రంగులో ఒక్కటి చాలు అంటే నేసేవాళ్లకి గిట్టదు. ఇంకో ఇద్దరు అమ్మకందారులతో కలిసి ఒక పడుగు పంచుకోవడం మంచి పద్ధతి, కాకపోతే ముగ్గురూ ఒకే ఊళ్లో ఒకే కస్టమర్లకి అమ్మేవాళ్లు కాకూడదు.

డబ్బు ఇరుకైనప్పుడు నేతన్నకి ఇవ్వాల్సింది ఆపమని కొందరు సలహా ఇస్తారు. నేనైతే ఆ పని చివరికి కూడా చేయను. నూలు అరువు తెచ్చి నేసే మనిషి ఆయన. పైగా చెప్పిన రోజుకి డబ్బు ఇచ్చేవాళ్లకే మొదట మంచి చీరలు చూపిస్తారు, మిగిలినవే మిగతావాళ్లకి. అరువు కావాలంటే మాస్టర్ వీవర్‌తోనో (నూలు ఇచ్చి నేతగాళ్లతో నేయించే వ్యాపారి), హోల్‌సేల్ షావుకారుతోనో మాట్లాడండి. అమ్ముడైన వాటికి డబ్బు, కానివి నెలలోపు వాపసు అనే ఒప్పందానికి సీజన్ కాని నెలల్లో చాలామంది ఒప్పుకుంటారు. ధర ఓ యాభై ఎక్కువ వేసినా ఫర్వాలేదు, మిగిలిపోయే చీరల భారం మీ మీద ఉండదు.

అమ్మకాల అంచనాకి గత ఏడాది ఆగస్టు అంకెలు తీసి ఈ ఏడాది ఆగస్టుకి వేయకండి. పంచాంగం చూడండి. వరలక్ష్మీ వ్రతం 2023లో అధిక శ్రావణం వల్ల ఆగస్టు 25న వచ్చింది, 2024లో 16న, 2025లో 8న. వ్రతానికి ముందు రెండు వారాలే మీ అసలు సీజన్. అది ఏ తేదీల్లో పడుతుందో దాన్ని బట్టి సరుకు, యాడ్స్ రెండూ కదలాలి. వ్రతానికి అయిదు రోజుల ముందు వచ్చే ఆర్డర్లు దూరపు పిన్‌కోడ్‌లవైతే తీసుకోకండి. వ్రతం అయ్యాక అందిన చీర వెనక్కే వస్తుంది.

సీవోడీ తీసేయమని నేను చెప్పను. మన చిన్న పట్టణాల్లో ముందే డబ్బు వేయడానికి భయపడే ఆడవాళ్లు చాలామంది, మొదటి చీర సీవోడీలో కొని నమ్మకం కుదిరాక ప్రీపెయిడ్‌కి వస్తారు. కాకపోతే 150 అడ్వాన్స్ యూపీఐలో తీసుకోండి. పార్సిల్ వద్దని తిప్పి పంపితే అది వాపసు ఉండదని ఆర్డరుకి ముందే తెలుగులో స్పష్టంగా చెప్పండి. ఆర్డర్లు తగ్గుతాయి, నిజమే. 40లో 10 మంది వెళ్లిపోయారనుకోండి. మిగిలిన 30లో తిప్పి పంపేవాళ్లు మూడుకి తగ్గితే, 27 మీద 5,427 వస్తుంది. తిరిగొచ్చిన మూడింటి మీద అడ్వాన్స్ పోను 495 నష్టం. వెళ్లిపోయిన పది మంది కోసం పెట్టిన యాడ్ ఖర్చు 1,200 కూడా తీసేస్తే 3,732. ఇప్పుడు మీకు వస్తున్నది 2,880. పది పార్సిళ్లు తక్కువ ప్యాక్ చేసి ఎక్కువ సంపాదించారు, పైగా 11 వేల సరుకు రోడ్ల మీద తిరగడం తగ్గింది.

కొరియర్ బిల్లు కూడా ఒకసారి వరుస వరుస చదవండి. అరకేజీ దాటితే తర్వాతి స్లాబ్ పడుతుంది. ఈ చీరలు చాలావరకు ప్యాకింగ్‌తో కలిపి ఆ గీత దగ్గరే తూగుతాయి. అందంగా ఉంటుందని అట్టపెట్టె వాడితే ఇంకో దెబ్బ. 30, 25, 5 సెంటీమీటర్ల పెట్టె తీసుకోండి. కొరియర్ వాళ్లు పెట్టె సైజుని కూడా బరువుగా లెక్కేస్తారు, మూడూ గుణించి 5,000తో భాగిస్తే 0.75 కేజీ. లోపల చీర 430 గ్రాములున్నా బిల్లు కేజీ స్లాబ్‌కి వస్తుంది. పలచటి కవర్లో పెట్టి గాలి తీసి అతికిస్తే అరకేజీలోనే పోతుంది. చిన్న తూకం మిషను కొని ప్రతి పార్సిల్ ఫోటో తీసి ఉంచండి, బరువు ఎక్కువ వేసినప్పుడు కంప్లైంట్ పెట్టడానికి అదే ఆధారం.

ఖాతాలు వేరు చేయడం గురించి మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, కాబట్టి పొడుగ్గా రాయను. దుకాణానికి ఒక ఖాతా, జీఎస్టీ డబ్బుకి ఇంకొకటి, ప్రతి సోమవారం ఆ వారం పన్ను అందులోకి తోసేయండి. అప్పుడు జీఎస్టీ కట్టాల్సిన 20వ తేదీ వచ్చేసరికి సరుకు డబ్బు ముట్టుకోవాల్సిన పని ఉండదు. ఇంటికి నెల జీతంగా ఒకటే మొత్తం, ప్రస్తుతానికి 8 వేలు దాటకుండా. మార్కెట్‌ప్లేస్ వాళ్లు మీ అమ్మకాల మీద అర శాతం జీఎస్టీ టీసీఎస్ (అమ్మకం దగ్గరే ముందుగా పట్టుకునే పన్ను) కింద పట్టుకుంటారు. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని అంగీకరిస్తే మీ క్యాష్ లెడ్జర్‌లోకి (పన్ను కట్టడానికి వాడుకునే మీ ఖాతా) వస్తుంది. చిన్న మొత్తమే గానీ చాలామంది ఏళ్ల తరబడి అక్కడే వదిలేస్తారు, మీ అకౌంటెంట్‌ని ఒకసారి అడగండి.

ఒక నోట్‌బుక్‌లో వచ్చే పన్నెండు వారాలకి పన్నెండు అడ్డగీతలు గీయండి. ప్రతి వారం రాబోయేది, పోబోయేది, మిగిలేది. రాబోయే దాంట్లో ఆర్డరు వచ్చిన తేదీ కాదు, డబ్బు పడే తేదీ వేయాలి. ఏ వారంలో మిగిలేది 15 వేల కంటే కిందికి పోతోందో, దానికి నాలుగు వారాల ముందు నుంచే సింగిల్స్ కొనడం ఆపేయండి.

ఇప్పుడు మళ్లీ అప్పు దగ్గరికి. 3 లక్షలకి నెలకి 6 వేలు వడ్డీ, అంటే మీ అసలు లాభంలో సగం. ఆ డబ్బు పూర్తిగా తిరిగి రావాలంటే అదనంగా 270 పైన చీరలు పోవాలి. మామూలు నెలలో మీరు అమ్మేది 70. శ్రావణంలో రెట్టింపైనా అదనంగా పోయేవి 70, సీజన్ దాటాక రెండొందల దాకా మిగిలిపోతాయి, వడ్డీ మాత్రం ఆగదు. చీటీ పాడి తీసుకుంటానన్నారు కదా, మొదటి నెలల్లో పాడితే వదులుకునే మొత్తం దీనికి తీసిపోదు. ఆషాఢంలో వచ్చిన డబ్బుతో మొదటి విడత కొనండి, శ్రావణం మొదటి వారం అమ్మకం చూసి రెండో విడత. అప్పటికి తయారుగా ఉన్న సరుకు ఎవరి దగ్గర ఉందో ముందే మాట్లాడి పెట్టుకోండి.

అయినా లక్ష దాకా తగ్గితే బ్యాంకుకి వెళ్లండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, మధ్యలో డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ప్రభుత్వ రుణ పథకం ముద్రలో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు వడ్డీ దానికంటే బాగా తక్కువ ఉంటుంది. ఒకేసారి చేతికిచ్చే లోన్ కంటే క్యాష్ క్రెడిట్ లిమిట్ అడగండి. వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది, మీ వ్యాపారానికి డబ్బు కావాల్సింది ఏడాదిలో మూడు నాలుగు నెలలే కదా. మేనేజర్ ముందుగా అడిగేది జీఎస్టీ రిటర్న్‌లు, ఖాతా స్టేట్‌మెంట్. ఇంటి పాలబిల్లు, చీరల డబ్బు కలిసి ఉన్న స్టేట్‌మెంట్ చూపిస్తే మాట అక్కడే ఆగిపోతుంది, అందుకే ఖాతా ఈ నెలే వేరు చేయమన్నది.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని కూడా అడిగారు. ఇప్పుడేమీ వద్దు, గూగుల్ షీట్ చాలు. చీర కోడ్, కొన్న తేదీ, కొన్న ధర, అమ్మిన తేదీ, డబ్బు పడిన తేదీ, ఈ ఐదు గళ్లు తప్పకుండా నింపితే చాలు. రోజుకి పది ఆర్డర్లు దాటాక అప్పుడు ఆలోచించొచ్చు. మూడు కుప్పలు వేశాక ఒక్కోదాంట్లో ఎంత తేలిందో ఇక్కడ రాయండి. శ్రావణానికి ఏ రకం ఎన్ని ఎత్తొచ్చో ఆ అంకెలు చూస్తే చెప్పగలను.